గడ్డ నుంచి సీసా దాకా

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కార్వేటినగరంలో మన సంఘం యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మీలో చాలామంది మా హాస్టల్లో తిని పెరిగినవాళ్లే. కాబట్టి నేను మాట్లాడేటప్పుడు మధ్యలో లేచిపోరనే ధైర్యం నాకుంది.

నన్ను పిలిచినవాళ్లు "మేడం, చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు గురించి ఏడాది పొడుగునా చెబుతూనే ఉన్నాను. ఈరోజు వేరే మాట చెబుతాను. మన పిల్లల్లో కొందరు నన్నారి షర్బత్తు తయారుచేసి మన సంఘం పేరుతో అమ్మాలనుకుంటున్నారు. అందుకు రెండు లక్షలు అప్పు తేవాలని, మిషన్లు కొనాలని మాట నడుస్తోంది. కొందరు పెద్దలు "ఎందుకురా ఇవన్నీ, ఉద్యోగాలు చూసుకోండి" అంటున్నారు. ఆ ఆలోచన మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి నేను రాలేదు. ఒక ఆలోచనను అమ్ముడుపోయే వస్తువుగా మార్చడానికి ఒక పద్ధతి ఉంది. పెద్ద కంపెనీలు దానికోసం ప్రత్యేకంగా మనుషులను పెట్టుకుంటాయి. ఆ పద్ధతి మన చేతికి కూడా అందుతుందని చెప్పడానికే వచ్చాను.

ముందు మన పరిస్థితి చూసుకుందాం. మన జిల్లాలో తోతాపురి మామిడి పండిస్తారు. తోట రైతుది, కాయ రైతుది. కానీ ధర మాత్రం గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర తేలుతుంది. కాయ ఎక్కువ పండిన ఏడాది ట్రాక్టర్లు రోడ్డు మీద వరస కట్టి నిలబడడం మీరంతా చూసిందే. సొంత తోట ఉన్న రైతు గతే అలా ఉంటే, తోట కూడా లేని మనకు ఎలా ఉంటుంది? నన్నారి గడ్డ, మన పెద్దలు మారేడు కొమ్ములు అంటారే, దాన్ని కొండలో వెతికి, రాళ్ల సందుల్లోంచి తవ్వి, మోసుకొచ్చేది మనవాళ్లు. తూకం వేసేది మరొకరు. సీసాలో పోసి లేబుల్ అంటించేది ఇంకొకరు. తవ్వినవాడికి కూలి వస్తుంది, లేబుల్ అంటించినవాడికి పేరు వస్తుంది. ఈ తేడా మీకు కోపం తెప్పించింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ కోపంతో సీసా నిండదు.

కొత్త వస్తువు అనగానే ఎవరూ కనిపెట్టనిది కనిపెట్టాలని మనం అనుకుంటాం. అలా కానక్కర్లేదు. మన సరిహద్దు దాటితే తమిళనాడు. చెన్నై నుంచి మామల్లపురం పోయే దారిలో వడనెమ్మేలి అనే ఊరు ఉంది. అక్కడ ఇరుల గిరిజనుల సహకార సంఘం ఒకటి ఉంది. మన యానాదుల్లాగే వాళ్లూ ఎలుకలు, పాములు పట్టే విద్య తెలిసినవాళ్లు. ఒకప్పుడు పామును చంపి, తోలు వ్యాపారులకు అమ్మి బతికేవాళ్లు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, ఆ తర్వాత పాము తోళ్ల ఎగుమతి కూడా ఆగిపోయింది. తరతరాల విద్య ఒక్కసారిగా నేరమైపోయింది. అప్పుడు పాముల శాస్త్రవేత్త రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో ఆ సహకార సంఘం ఏర్పడింది. పామును చంపకుండా పట్టుకుని, దాని విషం తీసి, మళ్లీ అడవిలో వదిలిపెట్టడం వాళ్ల కొత్త పని.

ఆ పని ఎంత పద్ధతిగా జరుగుతుందో వినండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగు జాతులనే పడతారు. ఎన్ని పట్టాలో అటవీ శాఖ అనుమతి ఇస్తుంది. తెచ్చిన పామును మట్టికుండలో ఉంచి, సుమారు వారానికి ఒకసారి చొప్పున నాలుగు వారాల్లోపు విషం తీస్తారు. తర్వాత పొట్ట మీది పొలుసుకు చిన్న గుర్తు పెట్టి వదిలేస్తారు. ఆ గుర్తు ఉన్న పాము మళ్లీ దొరికితే వెంటనే పట్టుకోరు. తీసిన విషాన్ని ఆరబెట్టి పొడి చేసి, పాము కాటు మందు తయారుచేసే కంపెనీలకు అమ్ముతారు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కకట్టారు. ఆ మందు తయారీకి కావలసిన విషంలో పెద్ద భాగం చాలా ఏళ్లుగా ఈ సంఘం నుంచే వెళుతోంది. ఆ ఇరులుల్లో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, కొండచిలువలు పట్టడానికి అమెరికాలోని ఫ్లోరిడాకు కూడా వెళ్లివచ్చారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది.

ఇందులో కొత్తది ఏమిటి? పాము కొత్తది కాదు, విద్య కొత్తది కాదు. కొనేవాడు మారాడు, కొనేవాడికి కావలసింది మారింది. తోలు వ్యాపారికి చచ్చిన పాము చాలు. మందుల కంపెనీకి ఏ జాతి విషమో, ఏ రోజు తీసిందో, కల్తీ లేదని నమ్మకమేమిటో కావాలి. ఆ అవసరానికి తగ్గట్టు మన విద్యకు శుభ్రత, లెక్క, నియమం చేర్చారు. వ్యాపారంలో నవీకరణ అనే పెద్ద మాటకు నాకు తెలిసిన మంచి అర్థం ఇదే.

ఇక పద్ధతికి వద్దాం. కెనడాకు చెందిన రాబర్ట్ కూపర్ అనే ఆచార్యుడు కొన్ని కొత్త వస్తువులు ఎందుకు నిలబడతాయి, కొన్ని ఎందుకు పడిపోతాయి అని చాలా కంపెనీలను పరిశీలించాడు. 1980ల్లో ఆయన ఒక పద్ధతి చెప్పాడు. ఆలోచన నుంచి అమ్మకం దాకా పనిని దశలుగా విడగొట్టాలి. ఒక్కో దశకు ముందు ఒక గేటు పెట్టాలి. గేటు దగ్గర ఆగి, ఇప్పటిదాకా తెలిసింది చూసి, ముందుకు పోదామా, ఆగుదామా, వదిలేద్దామా అని తేల్చుకోవాలి. గేటు దాటకుండా తర్వాతి దశకు డబ్బు ఖర్చు చేయకూడదు. ఖర్చు మొదట్లో తక్కువ, పోనుపోను ఎక్కువ. కాబట్టి తప్పు ఉంటే మొదటి గేట్లలోనే బయటపడాలి. మన షర్బత్తుకు నేను ఐదు గేట్లు పెడతాను.

మొదటి గేటు: ఎవరు కొంటారు?

హాస్టల్లో కొత్త వంట ఏదైనా పెట్టినప్పుడు "ఎట్లుందిరా?" అని అడిగితే పిల్లలంతా "బాగుంది మేడం" అంటారు. వార్డెన్ అడిగితే ఇంకేమంటారు? అందుకే నేను అడగను. భోజనాలయ్యాక కంచాలు కడిగే తొట్టి దగ్గర నిలబడతాను. కంచంలో ఎంత మిగిలిందో, మారు వడ్డించుకోవడానికి ఎంతమంది వచ్చారో చూస్తాను. నాలుక చెప్పని నిజం కంచం చెబుతుంది.

మీ షర్బత్తు కూడా అంతే. మీ అత్తకు, మీ స్నేహితుడికి ఇస్తే బాగుందనే అంటారు. ముక్కూ ముఖం తెలియనివాడు జేబులోంచి డబ్బు తీసి, వారం తిరక్కుండా మళ్లీ వచ్చి కొంటే అదీ పరీక్ష. అంతకంటే ముందు, అసలు ఎవరికి అమ్మాలో తేల్చుకోండి. నన్నారి సీసాలు ఇప్పటికే ప్రతి అంగట్లో ఉన్నాయి. వాటి పక్కన ఇంకొకటి పెడితే కొత్తదనం ఏముంది? కార్వేటినగరం, పుత్తూరు, నగరి, తిరుపతి వెళ్లండి. ఎండాకాలం నన్నారి సోడా అమ్మే బండ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు ఏ సైజులో కొంటున్నారు, ఎన్నాళ్లకు అయిపోతోంది, దేనికి చిరాకు పడుతున్నారు అని చూడండి. బండివాడికి రంగు లేబుల్ సీసా అక్కరలేకపోవచ్చు, ఐదు లీటర్ల క్యాను కావాలేమో. ఇంట్లో వాడుకునేవాళ్లకు చక్కెర తక్కువ కావాలేమో. షుగర్ ఉన్న ముసలాయనకు షర్బత్తే వద్దు, ఆరబెట్టిన గడ్డ ముక్కలు పొట్లంలో కావాలేమో. ఇవన్నీ మూడు వేర్వేరు వస్తువులు. ఏది చేయాలో మీరు ఇంట్లో కూర్చుని నిర్ణయించలేరు. కనీసం ముప్పై మందిని చూసి, మాట్లాడి, నోటుబుక్కులో రాసుకున్నాకే ఈ గేటు దాటండి. ఈ దశకు అయ్యే ఖర్చు బస్సు చార్జీలు మాత్రమే.

రెండో గేటు: సరుకు ఎక్కడ, దాని మీద హక్కు ఎవరిది?

కేరళలో అగస్త్య కొండల్లో కాణి గిరిజనులు ఉన్నారు. 1987లో పరిశోధన కోసం ఆ కొండ ఎక్కిన శాస్త్రవేత్తలు అలసిపోతుంటే, దారి చూపిస్తున్న కాణి యువకులు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా నడుస్తున్నారు. ఆ మొక్క పేరు ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధనా సంస్థ దాన్ని పరీక్షించి, మరో మూడు మొక్కలతో కలిపి జీవని అనే మందు తయారుచేసింది. 1995లో కోయంబత్తూరులోని ఆర్యవైద్య ఫార్మసీకి తయారీ హక్కు ఇచ్చింది. 10 లక్షల రూపాయల రుసుము, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. అందులో సగం కాణి సమాజానికి చెందాలని ఒప్పుకున్నారు. ఆ డబ్బు కోసం 1997లో కాణుల ట్రస్టు ఏర్పడింది. గిరిజనుల జ్ఞానానికి వాటా ఇచ్చిన తొలి ఒప్పందాల్లో ఒకటిగా ప్రపంచమంతా దాని గురించి చెప్పుకుంది.

కానీ మందుకు ఆకు కావాలి కదా? ఆ మొక్క పెరిగేది అడవిలో. అడవిలోంచి ఆకు తేవడానికి, అటవీ భూమిలో పెంచడానికి అటవీ శాఖతో చిక్కులు వచ్చాయి. ఆకు సరిగా అందక తయారీ కుంటుపడింది. మంచి మందు, మంచి ఒప్పందం, మంచి పేరు, మూడూ ఉన్నాయి. ముడిసరుకు దారి మాత్రం ముందే తేల్చుకోలేదు.

మన నన్నారికీ ఇదే ప్రశ్న. ఈ గడ్డ ఊరడానికి ఏళ్లు పడుతుంది. మొక్కను వేళ్లతో సహా పెకిలిస్తే వచ్చే ఏడాది అక్కడ ఏమీ ఉండదు. మన అవ్వలు కొంత గడ్డ తీసి, కొంత మట్టిలో వదిలి, గుంత పూడ్చి వచ్చేవాళ్లు. సీసాలు ఎక్కువ అమ్మాలన్న తొందర వస్తే ఆ నియమం మొదట పోతుంది. కాబట్టి ఏడాదికి ఎంత గడ్డ తీయొచ్చో ముందు లెక్క వేసుకుని, దాన్ని బట్టి ఎన్ని సీసాలో నిర్ణయించుకోవాలి. సీసాల లెక్క ముందు వేసుకుని గడ్డ కోసం కొండ మీద పడకూడదు. చేల గట్ల మీద, ఇళ్ల దగ్గర పెంచడం ఇప్పుడే మొదలుపెట్టాలి.

హక్కు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం అడవి మీద ఆధారపడి బతికే గిరిజనులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు ఇచ్చింది. మన ప్రాంతం షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి పీసా చట్టం మనకు వర్తించదు. కానీ అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. గ్రామసభ ద్వారా దరఖాస్తు చేసి, కాగితం చేతిలో పెట్టుకుని అడవిలోకి వెళ్లండి. ఎర్రచందనం ఉన్న కొండలు మనవి. కాగితం లేకుండా, చేతిలో గునపంతో కనిపించిన కుర్రవాడు గడ్డల కోసం వచ్చానంటే నమ్మేదెవరు? ఈ ఒక్క కారణానికైనా రెండో గేటు దగ్గర ఓపికపట్టండి.

మూడో గేటు: చిన్నగా చేసి చూడడం.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు సూక్ష్మ బోధన అని ఒకటి ఉండేది. కొత్తగా వచ్చిన వాళ్లను నేరుగా యాభై మంది పిల్లల ముందు నిలబెట్టరు. తోటి శిక్షణార్థులు ఓ పది మందినే పిల్లలుగా కూర్చోబెట్టి, ఐదారు నిమిషాల పాఠం, అందులోనూ ఒకే నైపుణ్యం, చెప్పిస్తారు. తర్వాత లోపాలు చెబుతారు. మళ్లీ పాఠం రాసుకుని, మళ్లీ చెప్పాలి. చెప్పడం, వినడం, దిద్దడం, మళ్లీ చెప్పడం. కొత్త వస్తువు తయారీ కూడా సరిగ్గా ఇదే.

మొదటి విడత ఇరవై సీసాలు చాలు. మిషన్ వద్దు, ఇంటి పొయ్యి చాలు. ప్రతి విడతకూ ఒక పేజీ రాయండి: తేదీ, గడ్డ ఎక్కడిది, లోపలి గట్టి పుల్ల తీసేశాక తూకం ఎంత, నీళ్లు ఎన్ని, చక్కెర ఎంత, ఎంతసేపు కాచారు, ఎవరు కాచారు. ఒకసారికి ఒక్కటే మార్చండి. చక్కెర తగ్గించి, గడ్డ పెంచి, కాచే సమయం కూడా మార్చితే రుచి దేనివల్ల మారిందో ఎవరికీ తెలియదు. ప్రతి విడతలో మూడు సీసాలు అమ్మకుండా దాచండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి నీడలో, ఒకటి ఎండ తగిలే కిటికీలో. వారం వారం వాసన, రంగు, బూజు, నురుగు చూసి రాయండి. ఎన్నాళ్లు నిలవ ఉంటుందో మీకే తెలియకపోతే సీసా మీద ఏ తేదీ వేస్తారు? మా స్టాక్ రిజిస్టర్‌లో ఒక్క రోజు రాయకపోతే నెలాఖరున లెక్క తేలదు. మీ విడతల పుస్తకం కూడా అలాంటిదే. అందులో అంకె లేకపోతే అది అనుభవం కాదు, జ్ఞాపకం మాత్రమే.

నాలుగో గేటు: లెక్క.

ఇప్పుడు చెప్పే అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికి నేను అనుకున్నవి. మీ అంకెలు మీరు తెచ్చుకోవాలి. ఒక సీసాకు గడ్డ 20 రూపాయలు, చక్కెర 27, సీసా, మూత, లేబుల్ కలిపి 18, గ్యాస్ 6, రవాణా 8, పగిలేవీ పాడయ్యేవీ కలిపి సగటున 5. మొత్తం 84. అంగట్లో 140కి అమ్ముతారనుకుందాం. అంగడివాడి వాటా 20 శాతం, అంటే 28. మీ చేతికి 112. "సీసాకు 28 మిగిలింది" అని ఎగిరి గంతేస్తారు. మీ కూలి ఎక్కడ? కడిగి, దంచి, కాచి, వడపోసి, నింపినందుకు సీసాకు 20 వేసుకోండి. మిగిలేది 8.

ఇప్పుడు ఆ రెండు లక్షల అప్పు తీసుకురండి. సీసాకు 8 చొప్పున అసలు తీరడానికే 25,000 సీసాలు అమ్మాలి. రోజుకు 50 చొప్పున అమ్మినా 500 రోజులు. వడ్డీ వేరే. నన్నారి ఎండాకాలం పానీయం, వానాకాలంలో ఎవరు తాగుతారు? కాబట్టి ఐదు వందల రోజులు అంటే ఎన్ని ఎండాకాలాలో మీరే లెక్కపెట్టుకోండి. అప్పు తప్పని నేను అనడం లేదు. ఏ గేటు దగ్గర తీసుకోవాలో చెబుతున్నాను. అడుగుతున్నవాళ్లు ఉండి, మీరు చేసి ఇవ్వలేకపోతున్నప్పుడు మిషన్‌కు అప్పు తేవాలి. అడిగేవాళ్లు లేనప్పుడు తెచ్చిన మిషన్ మీద బట్టలారేస్తారు.

అప్పు కంటే ముందు వేరే దారులు చూడండి. 2018లో మొదలైన వన్‌ధన్ పథకంలో స్వయం సహాయక సంఘాలు కలిసి సుమారు 300 మంది సభ్యులతో కేంద్రం పెట్టుకోవచ్చు. శిక్షణకు, పనిముట్లకు సాయం ఉంటుంది. మన రాష్ట్రంలో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఉంది. జీసీసీ పేరుతో తేనె, కాఫీ, సబ్బులు మీరు చూసే ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లండి. కానీ వెళ్లేటప్పుడు ఆలోచన ఒక్కటే తీసుకుపోకండి. మూడు గేట్లు దాటిన నోటుబుక్కు తీసుకుపోండి. అప్పుడు మిమ్మల్ని వినే తీరే వేరుగా ఉంటుంది.

ఐదో గేటు: పేరు.

తినే, తాగే వస్తువు ఏది అమ్మాలన్నా ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు కావాలి. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చాలు, పెద్దదైతే లైసెన్సు కావాలి. లేబుల్ మీద ఏమేం కలిపారో, ఎంత పరిమాణమో, విడత నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోపు వాడాలో, చిరునామా, ఆ నమోదు సంఖ్య, అన్నీ ఉండాలి. మూడో గేటు దగ్గర రాసిన పుస్తకం ఇక్కడ పనికొస్తుంది.

పేరు అంటే లేబుల్ ఒక్కటే కాదు. దానికి అరకు చూడండి. విశాఖ మన్యంలో పోడు వ్యవసాయానికి బదులుగా ప్రభుత్వ సంస్థలు గిరిజనుల చేత కాఫీ వేయించాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. చాలాకాలం అది పేరులేని కాఫీయే. బస్తాల్లో పోయి ఎవరి కాఫీలోనో కలిసిపోయేది. 2000 తర్వాత నాంది ఫౌండేషన్ అక్కడి రైతులతో పని మొదలుపెట్టింది. రైతులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. చెట్టు మీది కాయలన్నీ ఒక్కసారే దూసేయకుండా, పండిన ఎర్ర కాయలనే కోయడం అలవాటు చేసుకున్నారు. పచ్చికాయ కలిస్తే కప్పులో రుచి చెడుతుంది. 2009 నుంచి ఏటా రైతుల కాఫీకి పోటీ పెట్టి, విదేశాల నుంచి రుచి చూసే నిపుణులను పిలిపించారు. ఏ రైతు కాఫీ ఎలా ఉందో రైతుకే తెలిసింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ కథలో అందరూ పారిస్ గురించే చెబుతారు. నేను మీకు చూపేది ఎర్ర కాయను. ఒక ఇంటివాళ్లు తొందరపడి పచ్చికాయ కలిపితే ఊరందరి పేరు పోతుంది. ఒకరి కష్టం మీద అందరి పేరు, ఒకరి అజాగ్రత్త మీద అందరి నష్టం. సంఘం పేరుతో వస్తువు తెస్తున్నామంటే ఒప్పుకుంటున్న షరతు ఇదే. ఇంకోటి, అక్కడ మంచి పేరు రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. మీరు వచ్చే సంక్రాంతికల్లా రావాలంటే రాదు.

ఇక ఈ పనిని ఎవరు నడపాలి? పదిమంది స్నేహితులు కలిసి అందరూ అన్నీ చేద్దామంటే ఏదీ జరగదు. గడ్డ, దాని సేకరణ నియమం ఒకరి బాధ్యత. తయారీ, శుభ్రత ఒకరిది. విడతల పుస్తకం, డబ్బు లెక్క ఒకరిది. అమ్మకం, కొనేవాళ్ల మాట వినడం ఒకరిది. ఐదో మనిషి పని కష్టమైనది: ప్రతి గేటు దగ్గరా "ఇక్కడ ఆగుదాం" అనగలగాలి. ఆ మాట అన్నవాణ్ణి పిరికివాడు, ఓర్వలేనివాడు అనకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ఒక వస్తువును ఆపినంత మాత్రాన బృందం ఓడిపోయినట్టు కాదు. షర్బత్తు ఆగిపోయినా, మీ పుస్తకంలో రాసుకున్నది ఆరబెట్టిన ముక్కల పొట్లానికి, తేనెకు, చింతపండుకు, ఇంకేదానికైనా పనికొస్తుంది. ఆపడానికి కారణం మాత్రం రాయాలి. కారణం రాయకుండా ఆపిన పని, రెండేళ్ల తర్వాత మరొక బృందం మళ్లీ మొదటి నుంచి చేస్తుంది.

ఒక మాట గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఏ గడ్డ ముదిరిందో, ఏది లేతదో, ఎంత తీసి ఎంత వదలాలో తెలిసింది ముందు వరసలో కూర్చున్న ఈ అమ్మలకే. బృందం ఫోటోలో ఒక్కరూ లేరు. ఇరులుల విద్యకు సంఘంలో సభ్యత్వం వచ్చింది, కాణుల విద్యకు వాటా వచ్చింది. మన అమ్మల విద్యను మన పిల్లలే ఉచితంగా తీసుకుంటే, బయటి వ్యాపారిని తప్పుపట్టే అర్హత మనకు ఉండదు. వాళ్లకు కూలి ఇవ్వడమే కాదు, సభ్యత్వం ఇవ్వండి, లాభంలో వాటా రాయండి, గేటు దగ్గర ఓటు ఇవ్వండి.

చదువు మానేసి ఈ పనిలోకి దూకుతామనేవాళ్లు ఎవరైనా ఉంటే, అలా చేయకండి. మొదటి మూడు గేట్లకు పూర్తి సమయం అక్కర్లేదు. సెలవులు, ఆదివారాలు చాలు. డిగ్రీ చదివేవాళ్లు లెక్క చూడండి, ఐటీఐ వాళ్లు పనిముట్లు చూడండి, ఇంటర్ సైన్సు పిల్లలు నిలవ పరీక్ష చూడండి. మీ చదువు ఇందులో ప్రతి చోటా పనికొస్తుంది.

సంఘం పెద్దలను కూడా ఒకటి అడుగుతున్నాను. పిల్లలకు రెండు లక్షలు ఇవ్వాలా వద్దా అని ఈరోజు తేల్చకండి. మొదటి మూడు గేట్లకు సరిపడా చిన్న మొత్తం ఇవ్వండి. మూడు నెలల గడువు పెట్టండి. గడువు నాటికి వాళ్లు మూడు తేవాలి: ముప్పై మంది కొనుగోలుదారుల మాటలు రాసిన పుస్తకం, గడ్డ ఎక్కడి నుంచి ఎంత వస్తుందో గ్రామసభతో మాట్లాడిన వివరం, కనీసం నాలుగు విడతల సీసాలు, వాటి పేజీలు. అవి చూసి తర్వాతి గేటు తెరవాలో లేదో తేల్చండి. పేజీలు ఖాళీగా ఉంటే గేటు మూసేయండి. నిండుగా ఉంటే మాత్రం "ఉద్యోగం చూసుకోండి" అనే మాట మళ్లీ అనకండి.

మొదటి విడతలో ఒక సీసా మా హాస్టల్‌కు పంపించండి. బాగుందా అని పిల్లలను అడగను. గ్లాసులు చూసి చెబుతాను.